దొంగతిండి

బుచ్చిబాబుకి డాక్టర్లంటే నమ్మకం లేదు. బయట తినేవాళ్ళంటే అసహ్యం. అయితే ఆయన ఇల్లు గడిచేది మాత్రం బయట తినేవాళ్ళ పుణ్యమే.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లు కిక్కిరిసిన ఒక సందులో ఆయనకో కర్రీ పాయింట్ ఉంది. కంప్యూటర్ కోర్సులు నేర్చుకోవడానికి ఊళ్ళ నుంచి దిగిన కుర్రాళ్ళు ఎస్.ఆర్. నగర్ రూముల్లో కుక్కర్లో అన్నం పడేసి, సాయంత్రానికి ఆయన కౌంటర్ ముందు వరస కడతారు. పప్పు ఒక కవరు, వేపుడు ఒక కవరు, పులుసు ఒక కవరు. 'ఇంత చదువు చదివి వంకాయ కొయ్యడం రాదు వెధవలకి' అని లోపల తిట్టుకుంటూ, పైకి మాత్రం "ఇంకేం కావాలి నాన్నా?" అంటాడు. తణుకు నుంచి వచ్చి ఈ సందులో స్థిరపడ్డాక ఆయన నేర్చుకున్న మర్యాద అంత వరకే.

భార్య ఛాయాదేవి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది. ఒక్కతే కూతురు, హైందవి. పంజాగుట్టలో ఒక ఆడిటర్ దగ్గర ఉద్యోగం. ఆ ఇంట్లో తేలని కేసు ఆ అమ్మాయి కడుపు.

చిన్నప్పటి నుంచీ అంతే. తిన్నది ఒంటికి పట్టదు. కడుపు డోలులా ఉబ్బుతుంది, చేతులు మాత్రం చీపురుపుల్లలు. రక్తం తక్కువ, నీరసం ఎక్కువ. ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన అల్సర్ అన్నాడు. మరొకాయన ఎక్స్‌రే వైపు కూడా చూడకుండా "టెన్షన్" అని తేల్చేశాడు. దూరపు చుట్టం ఒకావిడ, పెళ్ళి చేసేస్తే అదే సర్దుకుంటుందని సెలవిచ్చింది, పేగులకీ పెళ్ళికీ ఏం చుట్టరికమో ఆవిడకే తెలియాలి. పక్కింటి రుద్రమ్మ అందరికన్నా తెలివైంది. "అన్నం తింటే ఇంకేమవుద్ది వదినా? ఈ రోజుల్లో అన్నం ఎవరు తింటున్నరు? రాత్రిపూట పుల్కాలు పెట్టు. మల్టీగ్రెయిన్ ఆటా తీసుకో" అంది. హైదరాబాదులో ఇప్పుడు అన్నం తినడం బీడీ కాల్చడం లాంటిదైపోయింది కదా. సరేనని పెట్టారు. అన్నం మీద బతికినన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చిన పిల్ల, పుల్కాలు మొదలయ్యాక మంచం దిగలేకపోయింది.

చివరికి సోమాజిగూడలో ఒక పెద్ద ఆసుపత్రిలో డాక్టర్ విక్రమ్ నోట్లోంచి గొట్టం వేసి చూసి, పేగు ముక్క తీసి పరీక్షకి పంపి, అసలు పేరు చెప్పాడు. సీలియాక్.

"గోధుమలో గ్లూటెన్ అని ఒకటి ఉంటుంది. అది లోపలికి వెళ్ళగానే ఈ అమ్మాయి ఒంట్లో ఉన్న రక్షణ వ్యవస్థ పొరబడి సొంత పేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపల సన్నటి నూగు ఉంటుంది, తిన్నదాన్ని పీల్చుకునేది అదే. అది అరిగిపోయింది. దీనికి మాత్ర లేదు. గోధుమ, మైదా, రవ్వ, బార్లీ మానెయ్యడమే మందు. జన్మంతా. చిటికెడు కూడా కుదరదు. మానేస్తే ఆ నూగు మళ్ళీ మొలుస్తుంది."

"పంజాబు వాళ్ళంతా గోధుమలు తినే ట్రాక్టర్లు తోలుతున్నారండీ," అన్నాడు బుచ్చిబాబు.

"మీ అమ్మాయి ట్రాక్టర్ తోలక్కర్లేదు. బతికితే చాలు," అన్నాడు డాక్టర్.

ఆ మాటకి బుచ్చిబాబుకి ఒళ్ళు మండింది. కానీ భయమూ వేసింది. ఇంటికొచ్చి వంటిల్లు మొత్తం సోదా చేశాడు. చపాతీ పీట రుద్రమ్మ ఇంటికి పోయింది. ఉప్మారవ్వ, సేమ్యా, మైదా, బిస్కెట్లు అన్నీ గుమ్మం దాటాయి. కర్రీ పాయింట్లో గోబీ మంచూరియా మానేశాడు. కూతురికి వేరే గిన్నెలు, వేరే గరిటెలు, వేరే బూరెల మూకుడు. పొద్దున్నే ఆమె బాక్సు ఆయనే స్వయంగా సర్దుతాడు. అన్నం, పప్పు, కూర, ఒక సీసాలో ఇంగువ మజ్జిగ. ఆ బాక్సు మీద ఆయనకి ఎంత నమ్మకమంటే, ఎవరైనా మూత ముట్టుకుంటే చెయ్యి విరిచేసేలా చూసేవాడు.

ఆసుపత్రిలో డైటీషియన్ మంజూష వివరాలు రాసుకుంటూ అడిగింది. "కూరల్లో ఏమేం వేస్తారు సార్?"

"ఏం వేస్తాం? ఉప్పు, కారం, నూనె, పోపు. అందరూ వేసేదే," అన్నాడు. వంట చేసి పొట్టపోసుకునే తనని కుర్చీలో కూర్చున్న ఆడపిల్ల వంట అడగడమేంటని ఆయన ఉక్రోషం.

డాక్టరూ అడిగాడు. "వేరే మందులేమైనా వాడుతున్నారా? ఆయుర్వేదం, హోమియో?"

"ఏమీ లేవు. మేం మందులు మింగే రకం కాదు," అన్నాడు గర్వంగా.

నెలలు గడిచాయి. గోధుమ మానేస్తే రక్తపరీక్షలో దిగాల్సిన అంకె దిగలేదు. హైందవి మొహంలో రక్తం కనబడలేదు.

డాక్టర్ విక్రమ్ రిపోర్టు బల్ల మీద పడేశాడు. "గోధుమ మానేసిన మనిషికి ఇది ఇలా ఉండదు. ఎక్కడో తింటోంది."

"నేను తినట్లేదు సార్," అంది హైందవి.

"ఈ కుర్చీలో కూర్చుని తింటున్నానని చెప్పినవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదమ్మా. ఇంకో పరీక్ష చేద్దాం. అప్పటికీ తగ్గకపోతే స్టెరాయిడ్లే గతి. వాటితో ఎముకలు పోతాయి, మొహం ఉబ్బుతుంది. ఆలోచించుకో."

ఇంటికొచ్చాక పంచాయితీ మొదలైంది.

"నిజం చెప్పమ్మడూ. ఆ పంజాగుట్టలో పఫ్‌లు, షవర్మాలు, నూడుల్సు... వాసనకి నేనే ఆగలేను. ఒక్క ముక్క తిన్నావేమో."

"తినలేదు నాన్నా."

"మరి అంకె ఎందుకు దిగట్లేదు? గాలికి పెరుగుతోందా?"

"నాకేం తెలుసు? నీకంత అనుమానమైతే నోటికి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకో."

ఛాయాదేవి అందుకుంది. "పిల్లని ఎందుకండీ పీక్కుతింటారు? దొంగతిండి దాని రక్తంలో లేదు. అది మీ వైపు. షుగరుందని తెలిసీ కొట్లో బొబ్బట్టు మింగేది ఎవరో నేను చూళ్ళేదనుకున్నారా?"

ఆ వాదనలో ఓడిపోయిన బుచ్చిబాబు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆయన బుర్రలో ఇలాంటి నిర్ణయాలు కాస్త ఆలస్యంగా పుడతాయి, పుట్టాక మాత్రం ఆగవు. కూతురి మాట నమ్మడమా, డాక్టరు మాట నమ్మడమా అని తేల్చుకోలేక, తన కళ్ళని నమ్ముదామనుకున్నాడు.

మర్నాడు కూరగాయలకని చెప్పి, మొహానికి మాస్కు, నెత్తిన ఎవరిదో టోపీ పెట్టుకుని, కూతురి వెనకాల అమీర్‌పేట మెట్రో ఎక్కాడు. ఒకే ఒక్క స్టేషను. ఆ కాస్త దూరంలోనే ముగ్గురి కాళ్ళు తొక్కి, ఒకావిడ చేత తిట్లు తిని, పక్క పెట్టెలో నుంచి కూతురి బ్యాగు మీద కళ్ళు పెట్టుకుని నిలబడ్డాడు. పంజాగుట్టలో దిగి ఆమె రోడ్డు పక్కన నడుస్తుంటే, ఈయన స్తంభానికీ స్తంభానికీ మధ్య పరుగులు పెట్టాడు. ఆయన పొట్టకి ఆ స్తంభాలు చాల్లేదు. వెనక్కి తిరిగి చూసుంటే ఆ పిల్లకి అక్కడే తెలిసిపోయేది.

ఆమె వెనక్కి తిరగలేదు. దారిలో బేకరీ వచ్చింది. అప్పుడే తీసిన పఫ్‌ల వాసన రోడ్డు మీదికి తోస్తోంది. బుచ్చిబాబు స్తంభం వెనక ఆగాడు. హైందవి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, అడుగు వేగం పెంచి దాటిపోయింది.

ఆఫీసు బిల్డింగు సెల్లారు గేటు పక్కనే ఒక చాయ్ బండి ఉంది. బుచ్చిబాబు అక్కడ మకాం వేశాడు. చాయ్ మీద చాయ్ తాగుతూ, కప్పు అంచు మీదుగా లోపలికి చూడటం మొదలెట్టాడు. బండి నడిపే మహేశ్ కాసేపు ఓపిక పట్టాడు. తర్వాత పట్టలేదు.

"ఏందన్నా, పొద్దుగాల సంది చూస్తున్న. లోపలికి పోవు, ఇంటికి పోవు. ఎవల కోసం?"

"ఎవరి కోసమూ కాదు. ఎండగా ఉందని నిలబడ్డా."

"ఎండల మాస్కు, టోపీ ఏంది? పోలీసోనివా?"

"కాదు."

"మరి ఆఫీసు పోరగాండ్లు చాయ్‌కి వస్తుంటే గా ఆడపిల్లలనే ఎందుకు చూస్తున్నవ్? తెల్ల జుట్టొచ్చింది, జర శరమన్న ఉండాలె అన్నా."

బుచ్చిబాబు మొహం కందగడ్డలా అయిపోయింది. "ఛీ ఛీ! అందులో మా అమ్మాయుందయ్యా. నీలం డ్రస్సు."

"హైందవి అక్కనా?" మహేశ్ ఆయన్ని కాళ్ళ నుంచి తల దాకా కొలిచాడు. "బిడ్డను చూసెటందుకు దొంగలెక్క నిలబడుడెందుకు? పోయి పిలువు."

"పిలిస్తే తెలిసిపోతుంది."

"ఏం తెలుస్తది?"

బుచ్చిబాబు ఖాళీ కప్పు ముందుకు చాచి, ఇంకో చాయ్ అడిగాడు.

భోజనాల వేళకి ఆఫీసు వాళ్ళంతా సెల్లార్లోకి దిగారు. ఎవరిదో పుట్టినరోజు. టేబుల్ లేక స్కూటర్ సీటు మీదే కేకు పెట్టి కోశారు. బుచ్చిబాబు నెమ్మదిగా లోపలికి జారి ఒక కారు వెనకాల నక్కాడు. ఇన్నాళ్ళ కేసు ఇప్పుడు తేలిపోవాలి.

పుట్టినరోజు కుర్రాడు కేకు ముక్క పట్టుకుని హైందవి మీదికి వచ్చాడు. "నోరు తెరువు, నోరు తెరువు!"

"వద్దు ప్రమోద్. చెప్పాగా నీకు."

"ఒక్క ముక్కకి చచ్చిపోతావా ఏంటి?"

"చావను. వారం రోజులు మంచం దిగను. ఆ పని నువ్వు చేసిపెడతావా?"

ఎవరో నవ్వారు. "ఏం ఓవర్ యాక్షనో, కేకంటే విషమన్నట్టు" అని వెనక నుంచి ఒకమ్మాయి గొంతు. వాడు వదల్లేదు. నోట్లో పెట్టబోతే ఆమె మొహం తిప్పేసింది, క్రీమంతా చెంప మీద అంటుకుంది. హైందవి కుళాయి దగ్గరికి పరిగెత్తింది. చెంప కడుక్కుంది, పెదాలు కడుక్కుంది, నీళ్ళు పుక్కిలించి ఉమ్మి, మళ్ళీ పుక్కిలించింది. తిరిగొచ్చేసరికి అందరూ బిర్యానీ పొట్లాలు విప్పుకుని కబుర్లలో పడ్డారు. ఆమె కోసం ఎవరూ జరగలేదు. వెళ్ళి మెట్ల మీద ఒక్కతే కూర్చుని, ఇంటి బాక్సు విప్పింది.

అన్నం తింది. పప్పు తింది. తర్వాత సీసా మూత తీసి మజ్జిగ చివరి చుక్క దాకా తాగింది. తాగి, ఇక కడుపు నెమ్మదిస్తుందన్నట్టు కళ్ళు మూసుకుంది.

నెమ్మదించలేదు. అందరూ పైకి వెళ్ళిపోయాక కూడా ఆమె ఆ మెట్ల మీదే ఉండిపోయింది. కాసేపటికి రెండు చేతులతో కడుపు పట్టుకుని, నుదురు మోకాళ్ళకి ఆనించి ముడుచుకుపోయింది. కారు వెనకాల బుచ్చిబాబుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెళ్ళి పట్టుకుందామనుకున్నాడు. వెళ్తే ఇక్కడెందుకున్నావని అడుగుతుంది. వెళ్ళలేదు.

సాయంత్రం దాకా కాపలా కాసి, ఆమె వెనకే ఇల్లు చేరాడు. కూతురు దొంగ కాదు. అది తేలిపోయింది. బేకరీ కాదు, కేకు కాదు, బిర్యానీ కాదు. ఆ పూటంతా ఆమె నోట్లోకి వెళ్ళింది ఒకే ఒక్క బాక్సు. చిన్నపిల్లాడికైనా తట్టే ముక్క అది. బుచ్చిబాబుకి తట్టలేదు. తన చేత్తో కట్టిన బాక్సుని అనుమానించే అవయవం ఆయన బుర్రలో లేదు. ఆయనకి తట్టింది వేరు. అమ్మాయి కడుపు పాపం బాగా పాడైపోయింది, ఇప్పుడిస్తున్న ఇంగువ చాలట్లేదు.

మర్నాటి నుంచి మజ్జిగలో ఇంగువ రెట్టింపు చేశాడు. రాత్రి పడుకునే ముందు వేడినీళ్ళలో కలిపి ఇంకో మోతాదు. హైందవి మొహం చిట్లిస్తే, "తాగమ్మా, కడుపుకి ఇంతకన్నా మందు లేదు" అని బుజ్జగించాడు. ఆమె తాగింది.

కొత్త రిపోర్టు వచ్చింది. అంకె తగ్గలేదు సరికదా, పెరిగింది.

డాక్టర్ విక్రమ్ ఈసారి కోప్పడలేదు. అది ఇంకా భయంగా ఉంది. మందులు రాసే కాయితం ముందుకు లాక్కున్నాడు. "స్టెరాయిడ్లు మొదలుపెడదాం. వచ్చేవారం మళ్ళీ గొట్టం వేసి, పేగులో ఇంకేమైనా ఉందేమో చూడాలి."

"ఇంకేమైనా అంటే?" అంది ఛాయాదేవి.

డాక్టర్ ఆ పేరు చెప్పలేదు. చెప్పకపోవడంతోనే ఆవిడకి అర్థమై, కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇప్పటికైనా చెప్పమ్మా," అన్నాడు డాక్టర్. "దొంగతనంగా తింటున్నట్టయితే ఇవేవీ అక్కర్లేదు. మానేస్తే సరిపోతుంది. అబద్ధం చెప్పి ఈ మందులు మింగడం తెలివైన పనేనా?"

హైందవి నేల చూపులు చూస్తూ ఏదో అనబోయింది.

"ఆపండి డాక్టరు గారూ!" బుచ్చిబాబు లేచి నిలబడ్డాడు. "మా అమ్మాయి తినదు."

"తండ్రులందరూ అదే అంటారు. మీరేమైనా రోజంతా వెంట తిరుగుతారా?"

"తిరిగాను! మెట్రోలో వెళ్ళాను. ఆఫీసు దాకా వెళ్ళాను. కేకు నోటి దాకా తెస్తే పక్కకి తిప్పేసి, మూతి కడుక్కుని, మెట్ల మీద కూర్చుని నా బాక్సే తింది. కారు వెనకాల నుంచి ఈ కళ్ళతో చూశాను. సాయంత్రం వరకూ పచ్చిమంచినీళ్ళు తప్ప ఇంకేమీ ముట్టలేదు. ఇంక మాట్లాడితే ఊరుకోను!"

గెలిచానన్నట్టు చుట్టూ చూశాడు. కూతురు తనవైపే చూస్తోంది. ఆ చూపు డాక్టరు కోసం కాదు.

"కారు వెనకాలా?" అంది మెల్లగా. "నేను కడుపు పట్టుకుని ముడుచుకుపోయినప్పుడు నువ్వక్కడే ఉన్నావా?"

బుచ్చిబాబు చూపు బల్ల మీది రిపోర్టు వైపు తిప్పేశాడు.

డాక్టర్‌కి ఇంటి గొడవలు వినే తీరిక లేదు. "బయట తినకపోతే ఇంట్లోనే తింటోందన్నమాట. వెళ్ళి మంజూషని కలవండి. గొట్టం వేసేలోపు ఏదైనా తేలితే సరే. లేకపోతే ఇదే," అని కాయితం తట్టాడు.

మంజూష గది సెల్లార్లో ఉంది. ప్లాస్టిక్ ఇడ్లీలు, ప్లాస్టిక్ అరటిపళ్ళు బల్ల మీద పేర్చి ఉన్నాయి. కుర్చీలో కూర్చుంటూనే బుచ్చిబాబు యుద్ధం ప్రకటించాడు. "నా వంటలో గోధుమ గింజ ఉందని చూపిస్తే కొట్టు మూసేస్తాను."

"మూయొద్దు సార్. నేను కూడా మీ దగ్గర కూరలు కొంటా," అంది మంజూష. "పోపులో ఏమేస్తారు?"

"పోపు కూడా తెలియదా అమ్మా మీకు? ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు."

"కారం?"

"మా ఊరు నుంచి ఆడించి తెప్పిస్తాం."

అన్నీ అడిగింది. అన్నింటికీ సమాధానముంది. పెన్ను మూత పెట్టబోతూ, హైందవి కడుపు వైపు చూసి, ఆగింది. "ఉబ్బరం బాగా ఉంది. దీనికేమిస్తున్నారు?"

"ఏ మందులూ లేవని డాక్టరు గారికి ముందే చెప్పాను."

"మందులు కాదు సార్. ఇంట్లో ఏదో ఒకటి ఇస్తారు కదా. మా అమ్మ వాము నమిలిస్తది. మీరేమిస్తరు?"

బుచ్చిబాబు మొహం వెలిగిపోయింది. ఈ ఆసుపత్రిలో తన ప్రతిభ గురించి అడిగిన మొదటి మనిషి. "ఇంగువ మజ్జిగ! పూట పూటకీ. ఉబ్బరానికి ఇంగువని కొట్టింది లేదమ్మా. మీ పుస్తకాల్లో రాసుకోండి. చాలట్లేదని ఈ మధ్య రెట్టింపు కూడా చేశాను. రాత్రి వేడినీళ్ళలో వేరే."

మంజూష పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"ఇన్ని నెలల్లో ఇది నాకు చెప్పలేదేం సార్?"

"మీరు తిండి గురించి అడిగారు. ఇంగువ తిండేంటి? మందు."

"డాక్టర్ గారు మందులడిగారు కదా?"

"ఆయన అడిగింది మందుల షాపు మందులు. ఇంగువ వంటింట్లో ఉండేది."

మంజూష ఫైల్లో పాత పేజీలు వెనక్కి తిప్పింది. "ఆయన మందులడిగిండు, నేను తిండి అడిగిన. ఇది రెండిట్లోకీ రాలే," అని తనలో తను అనుకున్నట్టు అని, తలెత్తింది. "సార్, అసలు ఇంగువ చెట్టు బంక. ఉత్తది నాలుక మీద పెట్టుకోలేరు, అంత ఘాటు. అందుకే పిండి కలిపి అమ్ముతరు. బియ్యప్పిండి కలిపేవాళ్ళు ఉన్నరు. గోధుమపిండి, మైదా కలిపేవాళ్ళు బాగా ఎక్కువ. మీరు కొనేది ఏది?"

"చాల్లెండి. నేను కొనేది మొదటి రకం సరుకు. కర్రీ పాయింట్ పెట్టినప్పట్నుంచీ ఒకడే ఇస్తున్నాడు."

"ఫోన్ చేసి అడగండి."

చేశాడు. ఈవిడ నోరు మూయించాలని స్పీకర్ కూడా పెట్టాడు. మసాలా సరుకుల హోల్‌సేల్ వ్యాపారి రాజనర్సయ్య గొంతు గదంతా నిండింది. "చెప్పన్నా! మాల్ పంపాల్నా?"

"నర్సయ్యా, నువ్విచ్చే ఇంగువలో ఏమైనా కలుపుతారా?"

"ఏందన్నా గట్లంటవ్? ఎవడన్నా కల్తీ అన్నడా?"

"కల్తీ కాదయ్యా. పిండీ గిండీ ఏమైనా..."

"గోధుమపిండి కలుపుతరు, బంక సుత కలుపుతరు. ఉత్త ఇంగువ ఎవడు తింటడన్నా, నోరు కాలిపోదూ? మనది మస్తు మాల్, పిండి జర తక్కువనే ఉంటది. ఫికర్ చెయ్యకు."

"ఇన్నేళ్ళలో నాకొక్కసారైనా చెప్పావా?"

"నువ్వడిగితివా? వంటోనివి, నీకు ఎరుకనే అనుకున్న." నర్సయ్య పెద్దగా నవ్వాడు. "ఎన్ని కిలోలు పంపాలె?"

బుచ్చిబాబు ఫోన్ పెట్టేశాడు. ఆ గదిలో ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. ఎవరైనా ఏదైనా అంటే తిరిగి అరవడానికి వీలుండేది. ఛాయాదేవి కూడా, జీవితంలో మొదటిసారి, అందివచ్చిన మాట అనకుండా వదిలేసింది. మంజూష మాత్రం ఫైల్లో ఒక పేజీ నిండా రాసి, కింద గీత గీసి, "ఇంగువ ఇవ్వాళ్టి నుంచే బంద్. గొట్టం, స్టెరాయిడ్లు ఆపమని సార్‌తో నేను మాట్లాడతా. ఒక్క పరీక్ష దాకా ఆగితే తెలిసిపోతది" అంది.

ఇల్లు చేరగానే బుచ్చిబాబుకి నోరొచ్చింది. నర్సయ్యని తిట్టాడు. కంపెనీలని తిట్టాడు. అంత ఫీజు తీసుకుని ఇంగువ పేరెత్తని డాక్టర్ని తిట్టాడు. ఆఖరికి, "నువ్వైనా ఒక మాట అనలేదేమే" అని భార్య మీదికి తిరిగాడు.

"అనేదాన్నే," అంది ఛాయాదేవి. "మీ వంటిల్లు నన్ను తొక్కనిస్తే."

హైందవి అన్నీ విని, కుర్చీ లాక్కుని తండ్రి ఎదురుగా కూర్చుంది.

"నర్సయ్యని వదిలెయ్ నాన్నా. ఇంగువ సంగతి నీకు తెలీదు. నాకూ తెలీదు. దానికి నేను నిన్ను ఒక్క మాట అనను. కానీ నేను తినలేదని నీకు చెప్పాను. ఒకసారి కాదు. అది మాత్రం నీకు తెలుసు."

"నీ మంచి కోసమే కదమ్మడూ..."

"నా మంచి కోసం కారు వెనకాల దాక్కున్నావు. నొప్పితో చస్తుంటే చూస్తూ కూర్చున్నావు. బయటికొస్తే నీ పరువు పోతుందని. డాక్టరు బయటివాడు, నన్నెరగడు. నీకేమైంది?"

రేపటి నుంచి నా వంట నేనే చేసుకుంటానని చెప్పి లేచి వెళ్ళిపోయింది. చేసుకుంది కూడా. పోపులో జీలకర్ర మాడ్చుకుంటూ, అన్నం మెత్తగా చేసుకుంటూ, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. అమీర్‌పేట కుర్రాళ్ళకి వంట రాదని ఎకసెక్కాలాడే బుచ్చిబాబు, సొంత వంటింటి గుమ్మం బయట నిలబడి మాడు వాసన పీల్చుకుంటూ చాలా రోజులు గడిపాడు.

మళ్ళీ పరీక్ష నాటికి హైందవి చేతులకి గాజులు జారకుండా ఆగుతున్నాయి. మధ్యాహ్నం అయితే ఆకలి వేస్తోందట. ఆకలంటే ఇలా ఉంటుందా అని తల్లిని అడిగితే, ఛాయాదేవి వెళ్ళి బాత్‌రూంలో కుళాయి తిప్పి ఏడ్చింది.

డాక్టర్ విక్రమ్ రిపోర్టు చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. మంజూష అడిగితే గొట్టం, స్టెరాయిడ్లు ఆపాడే గానీ, కారణం వినే తీరిక ఆయనకి దొరకలేదు. ఆమె రాసిన పేజీ ఫైల్లోనే ఉంది. పేజీ తిప్పితే కనబడేది. ఆయన తిప్పలేదు.

"గుడ్. బాగా దిగింది. ఇలాగే దిగితే స్టెరాయిడ్ల మాటే అక్కర్లేదు. చూశావా అమ్మా, నోరు కట్టుకుంటే ఎంత తేడా వచ్చిందో? అప్పుడే నా మాట విని ఉంటే ఇన్ని నెలలు పోయేవి కావు."

బుచ్చిబాబు ఎగిరి లేచాడు. "నోరు కట్టుకోవడమేంటండీ? మా అమ్మాయి అసలు ఎప్పుడూ..."

"కూర్చో నాన్నా," అంది హైందవి. "నువ్వూ అదే అన్నావుగా."

బుచ్చిబాబు కూర్చున్నాడు.

ఆమె డాక్టర్ వైపు తిరిగింది. "సార్, నేను అప్పుడూ తినలేదు. ఇంగువలో గోధుమపిండి ఉంది. మీ ఫైల్లోనే రాసుంది. నన్ను అబద్ధాలకోరన్నారు. అది తప్పని చెప్పండి."

"అదంతా ఇప్పుడెందుకమ్మా? రిజల్టు ముఖ్యం."

"నాకు ఇదీ ముఖ్యమే."

తలుపు దగ్గర నర్సు తర్వాతి పేషెంటు పేరు పిలిచింది. ఎవరో లోపలికి తొంగిచూశారు. హైందవి కదల్లేదు. డాక్టర్ గడియారం చూసుకున్నాడు, ఫైలు మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఇక లాభం లేదని, పెద్దమనిషి కదా సర్ది చెబుతాడన్న ఆశతో బుచ్చిబాబు వైపు చూశాడు. "మీరైనా చెప్పండి సార్."

"నాది తప్పని నేను ఇంట్లో చెప్పేశానండీ," అన్నాడు బుచ్చిబాబు. "ఇక మీ వంతు."